జున్ను లేదని చెప్పే దుకాణం కావాలి

చీజ్ వడ్డించడానికే పెట్టిన హోటళ్లు స్విట్జర్లాండ్‌లో ఉన్నాయి. కరిగిన చీజ్ గిన్నె మధ్యలో పెట్టుకొని రొట్టె ముక్కలు ముంచుకు తింటారు. తిననీ. వరంగల్ నుంచి భూపాలపల్లి పోయే దారిలో, చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే పల్లెల్లో, బర్రె ఈనిన ఇంట్లో కూర్చొని జున్ను తిన్నవాడికి ఆ చీజ్ మీద మోజు పుట్టదు. నేను జున్ను పక్షం, ముందే చెప్తున్నా.

చీజ్‌కు రెన్నెట్ కావాలి, పన్నీరుకు నిమ్మరసం కావాలి. జున్నుకు సెగ చాలు. జున్ను చేసేది ముర్రుపాలతో, అంటే ఈనిన తొలి రోజుల పాలతో. వాటిలో మామూలు పాలకన్నా మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడి తగిలితే అవే గడ్డకడతాయి. అందుకే పనితనమంతా పాలు కలపడంలోనే. తొలి పూట పాలు పచ్చగా, చిక్కగా ఉంటాయి. వాటినే ఉడికిస్తే రబ్బరు ముక్కే. మామూలు పాలు ధారాళంగా పడాలి. పూటపూటకూ ముర్రుపాలు పలచబడతాయి, కలిపేదీ తగ్గాలి. ఎంతన్నది ఏ కొలత గ్లాసూ చెప్పదు. బర్రెకో లెక్క, ఈతకో లెక్క. చేయి తిరిగిన అమ్మలు గరిటెలో కాసిన్ని పాలు పోసి నిప్పుకు చూపి, పేరుకున్న తీరు చూసి "ఇంకో సోలెడు పొయ్యి బిడ్డా" అంటారు. పిండేటప్పుడు రంగు చూసే తేల్చేసే మహాతల్లులూ ఉన్నారు. వాళ్లకు నా దండం.

తర్వాత బెల్లం, దంచిన మిరియాలు, యాలకులు. చక్కెర వేసేవాళ్లతో నాకు పేచీ. నీళ్ల గిన్నెలో జున్ను గిన్నె దింపి, మూతేసి, సన్నని సెగ మీద ఉంచాలి. మంట ఎగిసిందా, నిండా తూట్లు, అడుగున నీళ్లు. కుదిరిన జున్ను కోస్తే అంచు నిలవాలి, నాలుక మీద ఆగకూడదు, మిరియం ఘాటు ఆఖరున గొంతుకు తగలాలి. అన్నట్టు, ముందు దూడ తాగాలి. తొలి రోజు ఆ పాలు కడుపులో పడితేనే దానికి రోగాలను తట్టుకునే శక్తి. దూడ నోరు కొట్టి చేసిన జున్ను ఎంత రుచైనా నేను మెచ్చను.

మరి బజార్లో ఏడాది పొడుగునా ట్రేల కొద్దీ కనిపించేది ఏమిటి? చాలాచోట్ల పాలపొడి, చైనాగ్రాస్, కాస్త పసుపు రంగు! అమ్మే పాలలో ముర్రుపాలు ఉండకూడదని ఆహార నిబంధనలే చెబుతున్నాయి. ఇక అసలు సరుకు బర్రెలున్న ఇళ్ల గడప దాటేదెంత? పాల ప్యాకెట్లు వచ్చి కొట్టాలు ఖాళీ అవుతుంటే, గరిటె చూసి చెప్పే కళ్లూ వాటితోనే పోతున్నాయి. అటూ ఇటూ ఊగే ఆ చైనాగ్రాస్ ముద్దనే జున్ను అనుకొని పెరిగే పిల్లలను చూస్తే కడుపు మండుతుంది.

రోక్‌ఫోర్ట్ అనే ఒక్క చీజ్ పేరు కాపాడటానికి ఫ్రాన్స్ 1925లోనే చట్టం చేసింది. మనం జున్ను పేరును ఎవరు పడితే వాళ్లకు వదిలేశాం. అయ్యా, చైనాగ్రాస్ ముద్ద అమ్ముకోండి, దానికి ఇంకో పేరు పెట్టండి. పరకాల, భూపాలపల్లి మిఠాయి దుకాణాలవాళ్లు పక్క పల్లెల రైతులతో మాట్లాడుకోండి. బర్రె ఈనినప్పుడే చేయండి, నాలుగు రూపాయలు ఎక్కువే తీసుకోండి. మిగతా రోజుల్లో "జున్ను లేదు" అని పలక వేలాడదీయండి.