గ్యారేజీ పనితనం

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే ఇవాళ రెండు రాష్ట్రాల ఆర్టీసీలైంది. డబ్బుకు మాత్రం ఎప్పుడూ కటకటే. డిపో మెకానిక్ గొప్పతనమంతా ఆ కటకటలోనే తెలుస్తుంది.

అరిగి నున్నబడ్డ టైరును పారేయరు. మిగిలిన పైపొర గీకేసి, కొత్త రబ్బరు పట్టీ అంటించి, వేడిలో ఉడికించి మళ్లీ రోడ్డెక్కిస్తారు. అదీ వెనక చక్రాలకే. ముందు టైరు పేలితే స్టీరింగు చేతికి చిక్కదు మరి.

రాత్రి బస్సు దిగుతూ డ్రైవరు "ఎడమకు లాగుతోందన్నా" అంటాడు. మెకానిక్ అప్పటికే బస్సు కింద ఉంటాడు. బ్రేకు పట్టేసినా, గాలి తగ్గినా ఎక్కువ తాగేది డీజిలే కదా! లీటరుకెన్ని కిలోమీటర్లన్నదే డిపో పరువు. ఆ పరువు నిలిపే కిటుకులు పుట్టేది గ్యారేజీలోనే; ఆవిష్కరణలన్నీ ల్యాబుల్లోనే పుడతాయంటే నేనొప్పుకోను. శ్రామిక్‌గా, అంటే గ్యారేజీ సహాయకుడిగా, చేరిన కుర్రాడు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేదాకా ఎదుగుతాడు. జీతం అంత వేగంగా ఎదగదు.