నాలుగు గీతలు, ఒక కన్ను

ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాణ్ణి ఫొటో తీయమంటే చాలామంది మనిషిని ఫ్రేము నట్టనడుమ పెట్టి నొక్కేస్తారు. మగ్గం రెండువైపులా తెగిపోతుంది, పడుగు ఎక్కడ మొదలైందో తెలీదు, నేతగాడు ఆధార్ కార్డుకి ఫొటో దిగుతున్నట్టుంటాడు. పని తెలిసినవాడైతే రెండడుగులు పక్కకు జరుగుతాడు. నేతగాడు కుడివైపు మూడో వంతు దగ్గరికి వస్తాడు, మిగతా రెండు వంతుల్లో పడుగు దారాలు పరుచుకుంటాయి. చూసేవాడి కన్ను ఆ దారాల వెంబడే నడిచి, నాడె పట్టిన చేతి దగ్గర ఆగుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి పేరు తెచ్చిన ఊరది. అక్కడి పనివాడికి ఆపాటి మర్యాదైనా దక్కొద్దా?

ఆ రెండడుగుల విద్యే రూల్ ఆఫ్ థర్డ్స్. నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు. తొమ్మిది గళ్లు, నాలుగు కూడళ్లు. 35 ఎంఎం ఫిల్ము మీద బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. కాబట్టి నిలువు గీతలు 12, 24 దగ్గర, అడ్డగీతలు 8, 16 దగ్గర పడతాయి. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు దీనికి ఆ పేరు పెట్టాడంటారు. గ్రీకుల సువర్ణ నిష్పత్తికి ఇది చుట్టమనేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్కలో గీత 38 శాతం దగ్గర పడుతుంది, మనది 33 దగ్గర. ఆ తగువు పండితులు తీర్చుకుంటారు, మనం ఆదోని కొండకు పోదాం.

కోట కొండ ముందు నిలబడగానే తేల్చుకోవాల్సింది ఒకటే: ఎవరికి ఎంత జాగా? వానాకాలం మబ్బులు కమ్ముకుని ఉంటే నేలను కింది గీతకు దించి, ఆకాశానికి రెండు వంతులు ఇచ్చేయాలి. ఏప్రిల్‌లో సున్నం కొట్టినట్టుండే ఆకాశానికి అంత జాగా దండగ. అప్పుడు కొండ అంచును పై గీతకు ఎత్తి, బండరాళ్లను మాట్లాడనివ్వాలి. పత్తి మార్కెట్ యార్డులో ఇంకో చిక్కు ఉంది. తెల్లటి కుప్పను చూసి కెమెరా మీటరు మోసపోయి పత్తిని బూడిదరంగులోకి దించేస్తుంది. వెలుగు ఒక స్టాపు పెంచి, రెండు వంతులు కుప్పకు వదిలి, హమాలీ తలపాగా పై కూడలిలోకి వచ్చేదాకా ఓపిక పట్టాలి. అతను ఎడమకు నడుస్తుంటే ఎడమవైపే ఖాళీ ఉంచాలి. లేకపోతే ఫ్రేము అంచుకు గుద్దుకునేలా ఉంటాడు.

గీతలకు ఇంకో ఉపయోగమూ ఉంది. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదును దగ్గర నుంచి ఫోను పైకెత్తి తీస్తే గోడలు లోపలికి వాలిపోతాయి. నిలువు గీతను గోడ అంచుకు ఆనించి చూసుకుంటే ఆ వంకర ముందే పట్టుబడుతుంది. ఇక్కడ మూడో వంతును పక్కన పెట్టి కమానును నడిమధ్యే నిలపాలి, ఆ కట్టడం అందమంతా సమతూకంలోనే ఉంది. రూలును ఎప్పుడు వదలాలో తెలియడమూ రూలులో భాగమే. అయితే ‘మేం రూల్స్ బ్రేక్ చేస్తాం’ అనే కుర్రాళ్లు ముందు ఒక్క ఫొటోలోనైనా దాన్ని పాటించి చూపిస్తే సంతోషిస్తాను.

ఈ విద్యలో మనకు దొరికిన పెద్దలు సామాన్యులు కారు. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలంలో కెమెరా వెనక గాజు మీద బొమ్మ తలకిందులుగా పడేది. నల్లగుడ్డ కింద దూరి ఆ తలకిందుల లోకంలోనే కోటల్ని, కొలువుల్ని తూచి నిలబెట్టాడాయన! 1957లో ‘మాయాబజార్’ పడవ పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పరిచిన వెన్నెలకు ఇప్పటికీ సాటి రాలేదు. బొమ్మలు గీసే చేత్తోనే బాపు సినిమా ఫ్రేములూ గీసుకునేవాడు. ఆయన ‘ముత్యాల ముగ్గు’కు ఇషాన్ ఆర్య పట్టిన కెమెరాకు జాతీయ అవార్డు దక్కింది. మన ఊళ్ల స్టూడియోల్లో పనిచేసిన పాతకాపులూ తక్కువవాళ్లు కారు. గడ్డం కొంచెం దించమని, భుజం తిప్పమని సతాయించి, కళ్లు సరిగ్గా పై గీత మీద పడ్డాకే క్లిక్ చేసేవారు. గీత వాళ్ల గాజు మీద లేకపోయినా కంటిలో ఉండేది.

ఇప్పుడు గీతలు ప్రతి ఫోనులోనూ ఉన్నాయి, కన్నే కరువైంది. జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతరకు ఎమ్మిగనూరు వెళ్లి చూడండి. రథం కంటే ముందు ఫ్లెక్సీలు ఎదురవుతాయి. ఎక్కడెక్కడివో ముఖాలు కత్తిరించి, మెడలు లేకుండా, ఒకదాని మీద ఒకటి అతికించి, ఊపిరాడకుండా కుక్కి ఉంటాయి. రథాన్ని తీసేవాళ్లూ ఫోను నిలువుగా పట్టి, శిఖరం మొదలు చక్రం దాకా నింపేస్తారు. తేరు లాగే జనం ఏమైనట్టు? ఆ మోకులు పట్టిన చేతులు లేకపోతే తేరు కదిలేదెలా? దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరంలో మరీ ఘోరం. దివిటీల వెలుగు, గాల్లో లేచిన వందల కర్రలు ఉండగా, అందరికీ కావాల్సింది పగిలిన తలకాయే. వెనకాలంతా మసక చేసే ఫిల్టరు ఇంకొకటి దాపురించింది. వెనకాల ఏముండాలో ఎంచుకోలేనివాడికి అది ముసుగు మాత్రమే. దాన్ని కళ అంటే నేను ఒప్పుకోను.

ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు నా మనవి ఒకటే. ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి గ్రిడ్ ఆన్ చేయండి. ఫిల్టర్లన్నీ తీసేయండి. జూమ్ చేసే వేలిని కట్టిపెట్టి కాళ్లతో నడవండి. నొక్కేముందు ఎవరికి జాగా ఇస్తున్నారో, ఎవరిని తోసేస్తున్నారో చూసుకోండి. మున్సిపల్ పెద్దలకు ఇంకో మాట: జాతరకు ఒక్క ఫ్లెక్సీ తగ్గించి, ఆ డబ్బుతో ఊరి స్టూడియోల పాత ఫొటోలకు ఒక ప్రదర్శన పెట్టండి. మీ ముఖం నడిమధ్యన లేకపోయినా ఊరు ఎంత బాగుంటుందో మీకే తెలుస్తుంది.