తెలుగు సిద్ధాంతగ్రంథ రచనలో లిక్స్ ఎడిటర్: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
నిజాంసాగర్, బాన్సువాడ వంటి చోట్ల ఉండి పరిశోధన సాగించేవారికి సిద్ధాంతగ్రంథం అచ్చురూపం దాల్చేది తరచుగా డి.టి.పి. కేంద్రంలోనే. అను వంటి యూనికోడేతర ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన ప్రతి కంటికి ఇంపుగానే ఉంటుంది. అయితే ఆ ఫైలులో నిక్షిప్తమైనది తెలుగు పాఠం కాదు. తెలుగు ఆకారాలు తొడిగిన వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేనిచోట అది చదవడానికీ, వెతకడానికీ అందదు. 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు చేరినా ఈ అలవాటు పూర్తిగా తొలగలేదు.

2. రూపం - నిర్మాణం:
ఛందఃపరిశోధనలో ఈ పద్ధతి లోపం స్పష్టంగా బయటపడుతుంది. ఉత్పలమాల పాదానికి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు. మొత్తం 20 అక్షరాలు. వీటిపై గురులఘు చిహ్నాలను ఖాళీలతో సర్ది నిలిపితే, ఫాంటు పరిమాణం మారగానే చిహ్నం పక్క అక్షరం మీదికి జరుగుతుంది. కూర్పులోని దోషం పరిశోధకుని దోషంగా పరిగణింపబడుతుంది.

1995లో మథియాస్ ఎట్రిష్ ప్రారంభించిన లిక్స్ ఈ సమస్యను వేరుగా చూస్తుంది. ఇది అధ్యాయం, ఉపశీర్షిక, అధోజ్ఞాపిక అనే నిర్మాణాన్ని మాత్రమే రచయితచేత గుర్తింపజేసి, పుట కూర్పును డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ వ్యవస్థకు అప్పగిస్తుంది. పట్టికలో పైగడిలో చిహ్నాన్నీ, కిందిగడిలో అక్షరాన్నీ ఉంచితే పరిమాణం మారినా రెండూ విడిపోవు. నడుమ ఒక పాఠాంతరాన్ని చేర్చినా అధోజ్ఞాపికల సంఖ్యలు వాటంతటవే సవరించబడతాయి.

3. పరిమితులు:
లిక్స్‌లో సాధారణంగా వాడే పీడీఎఫ్‌టెక్ తెలుగు గుణింతాలను, ఒత్తులను యూనికోడ్ ఫాంట్లతో కూర్చలేదు. 2011 నాటి 2.0 సంచికతో అందిన జీటెక్ మార్గాన్ని ఎంచుకొని, తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన2000 వంటి ఫాంటును నిర్దేశించాలి. పర్యవేక్షకులు వర్డ్ ఫైలులోనే సవరణలు సూచించేచోట లిక్స్ ప్రతిని అటూ ఇటూ మార్చడం శ్రమతో కూడినది. నవలా విమర్శ వంటి అంశాలకు యూనికోడ్‌తో పాటు వర్డ్‌లోని శీర్షికా శైలులను క్రమంగా వాడినా చాలావరకు సరిపోతుంది.

4. ముగింపు:
కాబట్టి లిక్స్ ప్రతి పరిశోధకునికీ అనివార్యం కాదు. ఛందస్సు, పాఠపరిష్కరణ రంగాలలో మాత్రం దాని ప్రయోజనం గణనీయం. ఏ ఎడిటర్ వాడినా యూనికోడ్ తప్పనిసరి. సిద్ధాంతగ్రంథం పట్టా కోసం సమర్పించే అచ్చుప్రతి మాత్రమే కాదు; తరువాతి పరిశోధకుడు వెతికి, ఉటంకించి, ఖండించవలసిన పాఠం కూడా.