క్లిప్పు కింద రబ్బరు

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. అంత వయసొచ్చిన బండిలో ఇనుముకన్నా ముందు ముసలిదయ్యేది రబ్బరు. అయినా ఆయిలు మార్పించినంత శ్రద్ధగా రేడియేటర్ పైపులు మార్పించేవాళ్లు తక్కువ. పగిలాకే వాటి ఊసు. ఎప్పుడు పగులుతాయో చెప్పక్కర్లేదు: మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతున్నప్పుడు.

ఆ పైపు మోసేది వట్టి వేడినీళ్లు కాదు, ఒత్తిడిలో ఉన్న వేడినీళ్లు. చాలా కార్లలో రేడియేటర్ మూత స్ప్రింగు 0.9 బార్ దగ్గర గానీ లేవదు. దాని వల్లే వందకు మరగాల్సిన నీళ్లు 118 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. పైపుకు చిల్లి పడిందా, ఒత్తిడి పోతుంది, మిగిలిన నీళ్లు కూడా భగ్గున మరిగి ఆవిరైపోతాయి. ఆ తర్వాత మోసం చేసేది మీటరు సూది. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే దాని మాట నమ్మాలి. నీళ్లు ఖాళీ అయ్యాక సూది కిందికి దిగడమూ కద్దు. చల్లబడిందిలే అనుకుని ఇంకాస్త దూరం లాగితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

పైపును నడుమ నొక్కి చూసి, ‘పగుళ్లేం లేవు, ఇంకో ఏడాది వస్తుందిలెండి సార్’ అనే మెకానిక్ అబద్ధమాడుతున్నాడని అనను. చూడాల్సిన చోట చూడలేదంటాను. ఇంజన్ లోహం, కూలెంట్, రబ్బరులోని కర్బనం మూడూ కలిసి చిన్నపాటి బ్యాటరీలా పనిచేస్తాయి. దాంతో పైపు లోపలి పొర పొడవునా సన్నటి చీలికలు పుడతాయి. కూలెంట్ వాటిగుండా మధ్యలో ఉండే నూలు అల్లికలోకి దిగి దాన్ని చివికిస్తుంది. ఇది ఎక్కువగా జరిగేది రెండు చివర్లలో, క్లిప్పుల దగ్గరే. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక క్లిప్పు పక్కన బొటనవేలితో, చూపుడువేలితో నొక్కాలి. నడుమ గట్టిగా ఉండి చివర గుల్లబారినట్టు తగిలితే దాని పని అయిపోయినట్టే.

నీళ్లు గడ్డకట్టే చలి మనకెక్కడిది, కూలెంట్ దేనికని బోరు నీళ్లు పోసేవాళ్లున్నారు. కూలెంట్ పని చలికి అడ్డుపడటం ఒక్కటే కాదు, తుప్పునూ ఆపుతుంది. బోరు నీళ్ల సున్నం రేడియేటర్ సందుల్లో పేరుకుంటుంది. అప్పుడు బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. తలనొప్పికి తల గొరిగించినట్టుంటుంది ఆ వైద్యం.

మార్చే పని పెద్దదేం కాదు, తొందరే పనికిరాదు. మూత తీసేది బండి చల్లారాకే. పాత కూలెంట్‌ను కింద బేసిన్‌లో పట్టి, వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టాలి. అది తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకితే కిడ్నీలు పోయి చస్తాయి. పైపు అంటుకుపోయి రాకపోతే గుంజకూడదు. రేడియేటర్ మూతి ఇత్తడిదైతే వంగుతుంది, ప్లాస్టిక్‌దైతే విరుగుతుంది. చచ్చిన పైపు మీద జాలెందుకు? మూతికి గాటు పడకుండా బ్లేడుతో పొడవునా చీరి ఒలిచెయ్యడమే. మూతి మీద పేరుకున్న పొక్కు గీకి నున్నగా చెయ్యకపోతే కొత్త పైపూ కారుతుంది. ఎక్కించేటప్పుడు కాస్త కూలెంటే రాయాలి. గ్రీజు వద్దు, ఈ రబ్బరు నూనె తగిలితే ఉబ్బుతుంది. పాత క్లిప్పు ఎంత బాగున్నా నేను మళ్లీ వాడను. కొత్తదాన్ని మూతి అంచు గట్టుకు లోపలివైపు కూర్చోబెట్టి, రబ్బరు కొద్దిగా ఉబికేదాకా బిగిస్తే చాలు. బలం చూపిస్తే క్లిప్పే రబ్బరును కోస్తుంది.

సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మూత ఒక నొక్కు వదులు చేసి, తాపీగా బండిని ఊరికి చేర్చే డ్రైవర్లంటే నాకు గౌరవం. మూత వదులైతే ఒత్తిడి ఉండదు, కట్టు నిలుస్తుంది. ఎంత తెలివైన లెక్క! కాకపోతే ఆ కట్టుతోనే దసరా దాకా తిరిగేవాళ్లూ ఉన్నారు.

నేను ఒప్పుకోనిది ఇంకొకటుంది. పై పైపు పగిలితే పై పైపు ఒక్కటే మార్చడం. కింది పైపు పంపు నీళ్లు పీల్చే దారి. మెత్తబడితే అది పగలకపోయినా, ఇంజన్ జోరందుకున్నప్పుడు లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ మామూలుగా గుండ్రంగా కనిపిస్తుంది. మెకానిక్ రేడియేటర్‌ను, ఫ్యాన్‌ను, చివరికి డ్రైవర్‌ను కూడా అనుమానిస్తాడు గానీ దాన్ని అనుమానించడు.