వేషం ఎవరిది, నవ్వు ఎవరి మీద?

ఆడవేషం కట్టే మగవాడి కోసం వెతకడం తెలుగు నాటకరంగానికి కొత్త పని కాదు. వందేళ్ల కిందట నాటక సమాజాలన్నిటికీ అదే పెద్ద బెంగ. గొంతు సన్నగా ఉండాలి, నడక కుదరాలి, పద్యం పాడగలగాలి. అలాంటి నటుడు దొరికితే ఆ సమాజానికి టిక్కెట్లు తెగినట్టే. ఇవాళ మళ్లీ ఆ వెతుకులాట మొదలైంది. అవసరం మాత్రం మారింది. ఆ మార్పును రచయితలు, సాహిత్య విద్యార్థులు గమనించకపోతే, మన చేతుల మీదుగానే ఒక అన్యాయం జరిగిపోతుందని నా భయం.

ఈ మధ్య జవహర్‌నగర్ ప్రాంతంలోని ఒక కళాశాల విద్యార్థులు తమ టెలివిజన్ కార్యక్రమానికి ఒక 'డ్రాగ్' కళాకారుణ్ణి చూపించమని నన్ను అడిగారు. లింగాన్నే ఒక వేషంగా కట్టి చూపే ప్రదర్శనకు ఈనాటి నగరం పెట్టుకున్న పేరు డ్రాగ్. నేను ముందు స్క్రిప్టు చూశాను. చీర కట్టుకున్న ఒకరు యాంకర్ ముందుకు వస్తారు. నోరు విప్పగానే మగగొంతు. యాంకర్ కుర్చీలోంచి పడతాడు. వెనక నవ్వుల రికార్డు. మూడే మాటలు. పాత్రకు పేరు లేదు, 'లేడీ గెటప్' అని రాసి ఉంది. 'ఎవరూ దొరక్కపోతే సిగ్నల్ దగ్గర అడుక్కునే వాళ్లలో ఒకరిని పిలుద్దాం' అని వాళ్లలో ఒకరు తేల్చేశారు.

ఈ పిల్లల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ స్క్రిప్టు వాళ్ల సొంతం కాదు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్', దాని బాటలో వచ్చిన కార్యక్రమాలు ఈ అచ్చును ఇంటింటికీ పంచిపెట్టాయి. ఆ స్కిట్లలో 'లేడీ గెటప్' అంటే పెళ్లాం వేషం, తిట్లు తినే వేషం. వేసినవాళ్లు చాలామంది పేద కుటుంబాల నుంచి వచ్చిన కష్టజీవులు. అలాంటి వేషాలతో పేరు తెచ్చుకున్న ప్రియాంక సింగ్ 2021లో బిగ్ బాస్ ఐదో సీజన్‌లో ట్రాన్స్ మహిళగానే ప్రేక్షకుల ముందుకు వచ్చారు. అంతవరకూ చీరను చూసి నవ్విన ఇళ్లే ఆ చీరలో ఒక మనిషి ఉందని అప్పుడు వినవలసి వచ్చింది. వేషం ఒకరికి పని, ఇంకొకరికి బతుకు. ఈ రెండింటి మధ్య తేడా తెలియని రచయిత ఇద్దరికీ ద్రోహం చేస్తాడు.

మన సంప్రదాయం ఇంతకంటే గొప్పది కదా అని కొందరు స్థానం నరసింహారావు పేరు ఎత్తుతారు. నిజమే. బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభ ద్వారా ఆంధ్రదేశమంతా ఎరిగిన ఆ నటుడు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా వెలిగాడు. ఒక్కో పాత్రకు ఒక్కో నడక, ఒక్కో చూపు కట్టుకున్నాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో సత్యభామ వేషానికి పర్యాయపదమయ్యాడు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల కళ ముందు టెలివిజన్ గెటప్ వెలవెలబోతుంది. అందులో సందేహం లేదు.

అయితే ఆ కళను కీర్తించి ఊరుకుంటే విమర్శ అక్కడితో చచ్చిపోతుంది. మగవాడు సత్యభామ ఎందుకు కావలసి వచ్చింది? కుటుంబ స్త్రీ రంగస్థలం ఎక్కితే పరువు పోతుందన్న భూస్వామ్య నీతి వల్ల. ఆడిపాడే విద్య తరతరాలుగా చేతిలో ఉన్న కళావంతుల స్త్రీలను అదే నీతి 'భోగం' అని వెలివేసింది. కూచిపూడిలో ఆట బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లది, ఆ ఇళ్ల ఆడవాళ్లకు మాత్రం గజ్జె కట్టే హక్కు లేదు. హర్షితా కామత్‌ అనే పరిశోధకురాలు 2019లో ఇంగ్లీషులో వెలువరించిన 'ఇంపర్సనేషన్స్' అనే గ్రంథం ఈ స్త్రీవేషం వెనక ఉన్న బ్రాహ్మణ పురుషాధికారాన్నే చర్చించింది. చీర కింద ఉన్న మగతనానికీ కులానికీ ఏ ప్రమాదమూ లేదని సభకు భరోసా ఉంది. అందుకే చప్పట్లు కొట్టింది. అందరూ ఇలా లేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్లే ఆడపాత్రలు వేశారు. దారి లేక కాదు, ఒప్పుకునే మనసు లేక మిగతావాళ్లు ఆగారని సురభి రుజువు చేసింది.

ఆ భరోసా లేని శరీరానికి ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. హైదరాబాదు సంస్థానంలో ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చింది. 'నపుంసకుల' పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించాలంది. అలా నమోదైన మనిషి ఆడబట్టలతో, నగలతో బజారులో కనిపించినా, పాడినా, ఆడినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల వరకూ జైలుకు పంపవచ్చు. ఈ చట్టం నిజాంతో పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ ప్రాంతానికి అలాగే మిగిలింది. 2014లో తెలంగాణ రాష్ట్రానికీ వారసత్వంగా వచ్చింది. ట్రాన్స్ ఉద్యమకారులు కోర్టుకెక్కితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. 1956లో చీర కట్టిన ఒక నటుడికి పద్మశ్రీ. అదే ఏడాది ఏర్పడిన రాష్ట్రంలో చీర కట్టి ఆడిన ఇంకొక మనిషికి జైలు రాసిపెట్టిన చట్టం. చీర ఒకటే. ఆట కూడా ఒకటే కావచ్చు. ఆట ముగిశాక చీర విప్పి మగవాడిగా ఇంటికి వెళ్లేవాడు కళాకారుడు. విప్పని మనిషి నేరస్థురాలు. సాంప్రదాయిక విమర్శ స్త్రీ పాత్రధారణను ఎంత పొగిడినా ఈ ముడి విప్పలేదు. సిగ్నల్ దగ్గర అడుక్కునే మనిషిని పిలుద్దామన్న విద్యార్థికి, ఆ మనిషి ఆ సిగ్నల్ దగ్గరికి ఎలా చేరిందో ఈ చరిత్రే చెబుతుంది. ఆట మీద బతికే దారిని చట్టమే నేరం చేస్తే మిగిలేది చెయ్యి చాచడమే.

అభ్యుదయ ఉద్యమం ఈ కథలో ఒక పెద్ద పని చేసింది. 1943లో తెనాలిలోనే అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. స్థానం వారి సత్యభామను చూసిన ఊరు అది. ఆ రోజుల్లోనే ప్రజానాట్యమండలి స్త్రీలను బుర్రకథ దళాల్లోకి, నాటకాల్లోకి తెచ్చింది. మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటివాళ్లు వేలాది జనం ముందు నిలబడి పాడారు, ఆడారు. అంతకు ముందే బళ్లారి రాఘవ ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. దానితో మగవాడు ఆడవేషం కట్టవలసిన అవసరం తీరింది. అది చారిత్రక విజయం.

కాని అవసరం తీరిన కళకు రెండు దారులుంటాయి. ఒకటి, ఆ వేషం స్వేచ్ఛ పొంది, మగతనం అంటే ఏమిటి, ఆడతనం అంటే ఏమిటి అని ప్రశ్నించే కళ కావడం. రెండు, బజారు దాన్ని చవగ్గా కొని నవ్వులాటగా అమ్ముకోవడం. మనం మొదటి దారిని పట్టించుకోకపోవడం వల్ల రెండోది దానంతటదే తెరుచుకుంది. హైదరాబాదులో పట్రుని శాస్త్రి వంటి కళాకారులు శాస్త్రీయ నృత్యం నేర్చి డ్రాగ్ ప్రదర్శనలు ఇస్తూ ఆ మొదటి దారిని మళ్లీ వెతుకుతున్నారు. వాళ్ల ప్రదర్శనల మీద మన సాహిత్య పత్రికల్లో ఎంత చర్చ జరిగిందో ఎవరికి వారే ప్రశ్నించుకోవాలి.

డ్రాగ్ పాశ్చాత్యుల సరుకు, మన శ్రామిక జనానికి దానితో పనేమిటి అనే మిత్రులూ ఉన్నారు. వాళ్లు మన ఊళ్లను సరిగా చూడలేదనుకుంటాను. పగటివేషగాళ్లు ఒకే ఒంటి మీద సగం మగ, సగం ఆడ వేషం కట్టి, అడ్డుగుడ్డ ఇటూ అటూ జరుపుతూ అర్ధనారీశ్వరుణ్ణి ఆడారు. ఒగ్గుకథలో కళాకారుడు కొంగు కప్పుకుని క్షణంలో తల్లి అవుతాడు, కొంగు తీసి కథకుడవుతాడు. జవహర్‌నగర్ వంటి చోట, నగరం పారబోసిన చెత్తగుట్ట పక్కన, జిల్లాల నుంచి వచ్చిన కూలి జనం కాపురముండే కాలనీల్లో ఈ ఆటలు ఎరిగినవాళ్లు కొల్లలు. కళాశాల గోడ ఇవతలి పిల్లలు కళాకారుడి కోసం జూబ్లీహిల్స్ వైపు చూస్తున్నారు. గోడ అవతలి మనిషి వాళ్ల కంటికి ఆనడం లేదు. ఇదీ వర్గ సమస్యే.

మరి మంచి వేషానికీ చెడ్డ వేషానికీ కొలబద్ద ఏమిటి? నా దృష్టిలో అది గురజాడ 1909లో తిరగరాసిన 'కన్యాశుల్కం'లోనే ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. నాటకంలో అంతకంటే నవ్వించే ఘట్టాలు తక్కువ. కాని ఆ నవ్వు కుర్రవాడి చీర మీద పడదు. డబ్బిచ్చి పసిపిల్లను కొనే ముసలివాడి మీద, ఆ బేరానికి పెద్దరికం కట్టబెట్టే పెళ్లిపెద్దల మీద పడుతుంది. చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. వేశ్య ముఖం చూడనన్న సంస్కర్త, మగవాడనుకున్న మనిషితో మర్యాదగా మాట్లాడతాడు. అక్కడ బయటపడేది మధురవాణి గుట్టు కాదు, పెద్దమనిషి నీతికి ఉన్న హద్దు. ఆ మధురవాణి పాత్రను స్థానం వేశాడంటే, ఆడదైన మగవాడు మళ్లీ మగవాడైన ఆడదాన్ని ఆడాడన్నమాట. ఇంత చిక్కని అల్లిక మన చేతిలో ఉండగా, గొంతు విని కుర్చీలోంచి పడే యాంకర్ మనకెందుకు?

కనుక ఇలాంటి అంశం రాసే యువ రచయితలు ముందు పాత్రను వెతకాలి, తర్వాత వేషగాణ్ణి. ఆ పాత్రకు పేరు పెట్టండి, ఊరు పెట్టండి, కోరిక పెట్టండి. నవ్వు ఎవరి మీద పడుతుందో కాగితం మీదే తేల్చుకోండి. డ్రాగ్ కళాకారులు కావాలంటే వాళ్ల కళ చూసి పిలవండి, స్క్రిప్టు ముందే ఇచ్చి మార్చే హక్కు ఇవ్వండి. ట్రాన్స్ మనిషి కావాలంటే ఆమె కథ చెప్పడానికి పిలవండి గాని, చవగ్గా దొరికే వేషంగా కాదు. పారితోషికం ముందే మాట్లాడండి. తలుపు గడియ పడే ఒక గది చూపించండి. చిత్రీకరణ ముగిశాక అర్ధరాత్రి ముఖాన రంగుతో నగర శివార్ల నుంచి ఇల్లు చేరడమంటే ఏమిటో ఆలోచించి బండి మాట్లాడండి. ఇవి చిల్లర విషయాలు కావు. కళాకారుడి శ్రమను గౌరవించడమంటే ఇదే.

చట్టం 2023లో పోయింది. ఆ చట్టం మన నవ్వులో ఇంకా బతికే ఉంది. కోర్టు కొట్టేయలేని ఆ సెక్షన్‌ను కొట్టేయవలసింది రచయితలే.