నైటీల బొంత

కువైట్ నుంచి రాయలసీమ ఊళ్లకు వచ్చే అట్టపెట్టెల్లో ఏముంటాయో రాయచోటి, రాజంపేట వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. బొచ్చు రగ్గులు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, టాంగ్ పొట్లాలు. వాటి అడుగున ఎప్పుడైనా చేత్తో కుట్టిన చిన్న బొంత కనిపిస్తే, ఆ ఇంట్లో కూతురో కోడలో నీళ్లాడిందని లెక్క. అక్కడ ఇంటిపనిలో ఉండి కాన్పుకు రాలేని తల్లి పంపిన సారె అది. రగ్గు ఎవరైనా కొంటారు. బొంత వెనక ఉన్న పనితనం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికో రోజు సెలవిచ్చింది. కనీస జీతం 60 దినార్లని మరుసటి ఏడు తేల్చారు. చట్టం చట్టమే, ఇల్లు ఇల్లే. సెలవిచ్చే ఇంట్లో శుక్రవారం, ఇవ్వని ఇంట్లో రాత్రి అంట్లు సర్దాక దొరికే గంటా అరగంటా, అదే కుట్టుకునే వేళ. మిషను పెట్టుకునే చోటు ఉండదు. సూది, దారం, కత్తెర మాత్రం తలగడ కింద కూడా పడతాయి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశంలో బొంతేమిటని నవ్వేవాళ్లు అక్కడి ఏసీ గదిలో ఒక్క రాత్రి పడుకుని చూడాలి.

ఊళ్లో అయితే బొంతకు పాత నేత చీరలు. కువైట్లో పనిచేసే ఇంట చీర కట్టే సందర్భం తక్కువ, మిగిలేవి కాటన్ నైటీలే. అవీ బంగారమే. ఉతికి ఉతికి గంజీ గరుకూ పోయిన కాటన్ పసివాళ్ల ఒంటికి ఒరుసుకోదు. పుట్టిన బిడ్డను పాతబట్టల పొత్తిళ్లలోనే పెట్టాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టేది ఇందుకే. దిష్టి మాట తర్వాత చేర్చారేమోనని నా అనుమానం.

నైటీ అంతా పనికిరాదు. చంకల దగ్గర, భుజాల మీద బట్ట సడలిపోయి ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పోగుల మధ్య సందులు కనబడే మేర కత్తిరించి పారేయాలి. నడుము కింది భాగం నిక్షేపంలా ఉంటుంది. జిప్పు, గుండీలు, లేసు ఊడదీయాలి. ముదురు రంగైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టేయడమే. పాలిస్టరు కలిసిన గుడ్డ ఎంత ముచ్చటగా ఉన్నా లోపలికి రానివ్వకూడదు, అది తడి పీల్చదు.

పసిబిడ్డ బొంతకు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు చాలు. కిందొకటి పైనొకటి మంచి ముక్కలు, నడుమ అతుకులేసిన పొరలు రెండు. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు పడిందా, అక్కడ గట్టు కట్టి బిడ్డ వీపుకు ఒత్తుకుంటుంది. పొరలన్నీ ముడతల్లేకుండా పరిచి, నడిమధ్య నుంచి అంచులకు పెద్దపెద్ద కుట్లు వేసి ముందు కదలకుండా పట్టేయాలి. పని పూర్తయ్యాక వీటిని లాగేస్తారు. అసలు కుట్టు సూది దిగి లేచే మామూలు కుట్టే. దారం మూరన్నర దాటితే చిక్కుపడుతుంది. ముడిని పొరల మధ్య దాచాలి. ఎడమచేతి వేలు బొంత అడుగున ఆనించి ఉంచితే, సూదిమొన తగిలీ తగలగానే పైకి తిప్పేయొచ్చు. అది తగిలితేనే నాలుగు పొరలూ దాటినట్టు. నాలుగైదు కుట్లు సూదికి ఎక్కాక ఒక్కసారి దారం లాగుతారు. బిగించి లాగితే బొంత ముడుచుకుంటుంది, మరీ వదిలేస్తే దారంలో బిడ్డ వేళ్లు ఇరుక్కుంటాయి. వరసకూ వరసకూ మధ్య వేలెడు ఎడం.

కర్ణాటక కౌదీ, మహారాష్ట్ర గోధడీ, బెంగాలీల కాంథా అన్నీ ఈ కుట్టు చుట్టాలే. ఉత్తర కన్నడ సిద్దీలు మాత్రం అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు, మూలల్లో మడత ముక్కలు పువ్వుల్లా పొదుగుతారు.

బొంతతో పాటు ఆవాల దిండూ కుట్టి పంపే అలవాటుంది. ఏడాది నిండేదాకా దిండు వద్దని డాక్టర్లు అంటున్నారు కాబట్టి దాని జోలికి నేను పోను. బిడ్డ నిద్రపోయేటప్పుడు ఒంటిమీద బొంత కప్పడమూ వద్దంటున్నారు. మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరిచి బోర్లా పడనివ్వడానికి దీనికి సాటి లేదు.

కువైట్ వాళ్లకు తమ ఆడవాళ్ల నేత మీద గౌరవముంది. గొర్రె ఉన్ని, ఒంటె బొచ్చు, మేక వెంట్రుకలతో బెదూయిన్ స్త్రీలు నేల మగ్గం మీద నేసే సదూకు గల్ఫ్ రోడ్డు మీద ఏకంగా ఒక భవనమే ఉంది. 2020లో ఆ నేత సౌదీతో కలిపి యునెస్కో జాబితాలోనూ చేరింది. మన బొంతను జాబితాకు ఎక్కించినవాళ్లు లేరు. ఎక్కించేలోపు దాన్ని వాడి చింపేస్తాం కూడా.

అక్కడి మగవాళ్లు తొడిగే పొడుగు అంగీలు, దిష్‌దాషాలు కుట్టే దర్జీల దగ్గర మిగిలే తెల్ల ముక్కలు ఎక్కువగా పాలిస్టరే, బొంతకు పనికిరావు. కానీ రంజాన్ నెల నడిమిన వచ్చే గర్గేయాన్‌కు అవి చక్కగా పనికొస్తాయి. ఆ రాత్రుళ్లు పిల్లలు మెడలో గుడ్డసంచి వేసుకుని, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు, పప్పులు పోయించుకుంటారు. ఒకప్పుడు ఆ సంచీ తల్లులు కుట్టిందే, ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతుంది. తాను పెంచే అరబ్బు బిడ్డకు తన చేత్తో ఒకటి కుట్టివ్వాలనుకునే ఆయాకు రెండు జానల ముక్క, రంగు అంచు ఉంటే సరి. బరువు పడేది అడుగున కాబట్టి అక్కడ గుడ్డ రెండు పొరలు వేసి, అంచును మడిచి రెండుసార్లు కుట్టాలి. మెడతాడును మాత్రం గట్టిగా కుట్టకూడదు. ఏ గేటుకో తగులుకుంటే ఊడివచ్చేలా వెనకవైపు రెండు వదులు కుట్లు చాలు.