గిటారు పట్టిన హంసనాదం

మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియంలో మా వస్తువులు, వాయిద్యాలు అద్దాల వెనక ఉంటాయి. ఎవరి చేయీ తగలదు కనుక అవి మోగవు. ఆ మధ్య అవి చూసి బయటికొచ్చి టీ తాగుతుంటే, మాలో ఒక కుర్రవాడు ఫోన్‌లో ఒక ఆల్బమ్ వినిపించాడు. బెంగళూరు బృందం ‘అగం’ 2012లో తెచ్చిన ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ అది. తర్వాత చాలాసార్లు విన్నాం. నచ్చింది, గుచ్చింది కూడా. రెండూ చెప్పాలనే ఈ వ్యాసం.

అగం 2003లో మొదలైంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటే పాటను మూడు నిమిషాల చట్రంలోంచి బయటికి తెచ్చి, లెక్కలు మార్చి, వాయిద్యాలకు పొడవాటి చోటిచ్చే సంగీతం. 1960ల చివర ఇంగ్లండులో పుట్టింది. దాన్ని వీళ్ళు కర్ణాటక సంగీతంతో కలిపారు. ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అన్న పాట నిజానికి త్యాగరాజు ‘బంటురీతి కొలువు’. రాగం హంసనాదం, అందుకే పేరులో హంసలు.

ఆ కృతిలో భక్తుడు రాముణ్ణి బంటు ఉద్యోగం అడుగుతాడు. కవచం, బిళ్ల, కత్తి అన్నీ భక్తితోనే చేసుకుంటాడు. కచేరీలో ఇది వినయంగా వినిపిస్తుంది. ఇక్కడ డ్రమ్ములు, గిటార్లు దూకేసరికి ఆ బంటు నిజంగానే కవచం తొడుక్కుని నిలబడ్డట్టుంది. మాటల్లో ముందే ఉన్న సిపాయిని వాయిద్యం బయటికి లాగింది. ఈ తెలివిని మేము మనసారా మెచ్చుకుంటున్నాం. హరీష్ శివరామకృష్ణన్ గొంతులో, వయొలిన్‌లో రాగం మీద భయం లేని చనువు ఉంది.

గుచ్చిన సంగతి. ఊపు ఎక్కడా దిగదు. దండారిలో డప్పు గంటల తరబడి మోగినా, అడుగు మారేచోట దెబ్బ మారుతుంది, అలసిన కాలికి చోటు దొరుకుతుంది. ఈ ఆల్బమ్‌లో ఆ చోటు తక్కువ. గిటార్లు దట్టమైనచోట గమకం పలచబడుతుంది, మాట మునిగిపోతుంది. మాలో చాలామందికి తెలుగు బడిలో నేర్చుకున్న భాష. ఇంట్లో గోండి, కోయ, కొలామి, కువి. ఒక్కో తెలుగు మాటా పట్టుకుని నడిచే అలవాటు మాది. ఇక్కడ చేతికి మాట అందక చాలాసార్లు తడబడ్డాం.

అసలు బాధ వేరే ఉంది. ఈ కృతిని ఎంత మార్చినా దానికి నష్టం లేదు. స్వరం రాసి ఉంది, గురువులున్నారు, తిరువయ్యారులో ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. గిటారు విన్న పిల్లవాడు మూలం వినాలంటే వంద గొంతులు దొరుకుతాయి. మా పాటకు ఆ దన్ను లేదు. గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్ళిపోయారు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది, 2025లో ఆయనా పోయారు. అలాంటి పెద్దల పాటను మా కుర్రాళ్ళు డీజేలో కలిపితే, రేపటి పిల్లలకు ఆ డీజే ముక్కే మూలమవుతుంది. పాడిన పెద్దాయన పేరుండదు, ఊరి పేరుండదు.

అలాగని కుర్రాళ్ళ చేతులు కట్టేద్దామా? ఆ మాట మాలో కొందరు పెద్దలు అన్నారు. మేము ఒప్పుకోలేకపోయాం. అద్దం వెనక పెట్టిన తుడుం కంటే గిటారు పక్కన మోగే తుడుం మేలు. అగం ధైర్యం మాకూ కావాలి. కాకపోతే వాళ్ళ వెనక ఉన్న దన్ను ముందు మేము కట్టుకోవాలి. పాట తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని, పూర్తి పాట, వాళ్ళ భాషలోనే, పేరుతో ఊరుతో రికార్డు చేయాలి. ఆ పని అయ్యాక, కుర్రాళ్ళూ, గిటారు మీ ఇష్టం.

ఆ రోజు ఆల్బమ్ వినిపించిన కుర్రవాడు ఇది విని, “మా తాతతో మొదలుపెడతా” అన్నాడు. తాతకు ఎనభై దాటాయి. త్వరగా వెళ్ళమన్నాం.